ముట్టుకుంటే చురుక్కు, మీటర్ పెడితే సున్నా

ప్రశ్న: మాది మల్లాపూర్. మా పసుపు గిర్నీల బెల్టు నడుస్తున్నప్పుడు పక్కనున్న రేకు డబ్బాను ముట్టుకుంటే వేలికి చురుక్కుమంటది. మల్టీమీటర్ పెడితే మాత్రం సున్నా చూపెడ్తది. సిరిసిల్లల వార్పిన్ మిషన్ మీద పనిచేసే మా అన్న కూడా గిదే ముచ్చట చెప్తడు. కరెంట్ ఉన్నట్టా, లేనట్టా? ఉంటే ఎన్ని వోల్టులో ఎట్ల తెల్సుకోవాలె?

ఉన్నట్టే. వేలూ నిజమే చెప్పింది, మీటరూ అబద్ధం చెప్పలేదు. మీటర్ ముల్లు తగిలిన క్షణంలోనే డబ్బా మీదున్న విద్యుత్తంతా ఆ మీటర్ గుండానే భూమిలోకి జారిపోయింది. అంకె తెర మీదికి వచ్చేసరికి కొలవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. డబ్బాకు టెస్టర్ పెడితే అది ఆగకుండా వెలుగుతున్నా, మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టినప్పుడు అంకె నిలకడగా నిలబడినా, అది మోటారు నుంచో వైరు నుంచో వస్తున్న లీకేజీ అనుకోవాలి. వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఒక్కసారి చురుక్కుమని, వెంటనే మళ్లీ ముట్టుకుంటే ఏమీ కాక, కాసేపు ఆగాక తిరిగి చురుక్కుమంటే అది స్థిర విద్యుత్తు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ రెండో దాని గురించే.

ఈ విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుంది? వేర్వేరు పదార్థాలు ఒకదానికొకటి తాకి విడిపోయినప్పుడు ఒకదాని మీద ధనావేశం, రెండోదాని మీద రుణావేశం మిగిలిపోతాయి. మీ బెల్టు పుల్లీ మీదికి ఎక్కి, దిగి, క్షణక్షణం ఈ పనే చేస్తోంది. 1929లో అమెరికాలో రాబర్ట్ వాన్ డి గ్రాఫ్ రెండు పుల్లీల మీద తిరిగే బెల్టుతోనే లక్షల వోల్టులు పుట్టించే యంత్రాన్ని మొదలుపెట్టాడు. గిర్నీ బెల్టుకూ ఆయన యంత్రానికీ మూలసూత్రంలో పెద్ద తేడా లేదు. సిరిసిల్లలో బెల్టు చేసే పనిని నూలు చేస్తుంది. వార్పిన్ మిషన్ మీద వందల పాలిస్టర్ పోగులు కండెల నుంచి విడిపోయి, దువ్వెన పళ్ల మధ్య రాసుకుంటూ బీము మీదికి చుట్టుకుంటాయి. పత్తి తన బరువులో సుమారు 8.5 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ పట్టుకునేది 0.4 శాతమే. ఆ తేమే ఆవేశం మెల్లగా జారిపోయే దారి. 2017 నుంచి కొన్నేళ్లపాటు ప్రభుత్వం బతుకమ్మ చీరలకు ఆర్డర్లు ఇవ్వడంతో సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద పాలిస్టర్ పని ఇంకా పెరిగింది. కార్మికుల వేళ్లకు ఈ చురుకు తెలియకుండా ఎలా ఉంటుంది?

కాలం కూడా తోడవుతుంది. మల్లాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల చుట్టూ పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టే నెలలు గాలిలో తేమ తగ్గిపోయే నెలలే. వానాకాలంలో అదే బెల్టు, అదే డబ్బా చప్పుడు చేయకుండా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. డబ్బా ఒక లోహపు వస్తువు. కింద రబ్బరు షీటో, ఎండిన చెక్కో, ప్లాస్టిక్ సంచో ఉండటం వల్ల దానికి భూమితో సంబంధం తెగిపోయింది. బెల్టు దగ్గర నుంచి వచ్చిన ఆవేశం దాని మీద పోగవుతోంది. అటువంటి ఓ మాదిరి లోహపు వస్తువు ఆవేశాన్ని దాచుకోగల సామర్థ్యం, అంటే కెపాసిటెన్స్, కొన్ని పదుల పికోఫారడ్లు ఉంటుంది. మనిషి ఒంటిది 100 నుంచి 200 పికోఫారడ్లు. లెక్కకు సులువుగా డబ్బాది 100 అనుకుందాం. అది 10,000 వోల్టులకు చేరిందనుకుంటే దాని మీదున్న ఆవేశం ఒక మైక్రోకూలుంబ్. 20 మిల్లీఆంపియర్లు తీసుకునే చిన్న ఎల్ఈడీ దీపాన్ని ఆ ఆవేశం సెకనులో ఇరవై వేలవ వంతు సేపు మాత్రమే వెలిగించగలదు. గోడ సాకెట్‌లో 230 వోల్టులే ఉంటాయి గానీ వాటి వెనక సబ్‌స్టేషన్ ఉంది, ఎంత తీసుకున్నా తరగదు. డబ్బా మీద పదివేల వోల్టులున్నా వెనక ఏమీ లేదు. పదివేల వోల్టులు తగిలినా మనిషి బతికి ఉండటానికి కారణం ఇదే. మల్టీమీటర్ ఓడిపోవడానికీ ఇదే కారణం.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం కోటి ఓములు. సాకెట్ కొలిచేటప్పుడు అది చాలా పెద్ద నిరోధం, దాదాపు ఏమీ తీసుకోదు. 100 పికోఫారడ్ల డబ్బాకు మాత్రం అది బార్లా తెరిచిన తూము. రెండింటినీ గుణిస్తే వచ్చే కాలం సెకనులో వెయ్యో వంతు. ఆ వెయ్యో వంతు గడిచేసరికి వోల్టేజి మొదటిదానిలో 37 శాతానికి పడిపోతుంది. అలాంటివి ఐదు గడిస్తే ఒక శాతం కూడా మిగలదు. మీటర్ తెర మీద అంకె మారేది సెకనుకు రెండు మూడు సార్లు. అది కళ్లు తెరిచేలోపే అంతా అయిపోయింది. పైగా మామూలు మల్టీమీటర్లు 600 లేదా 1000 వోల్టులకే తయారైనవి. వేల వోల్టుల డబ్బాకు వాటిని పదేపదే తాకించడం వాటికి మంచిది కాదు.

బెల్టు ఆగకుండా తిరుగుతూనే ఉంది కదా, ఆవేశం వస్తూనే ఉంటుంది కదా, మరి మీటర్ పెట్టి ఉంచితే ఏదో ఒకటి చూపించాలి కదా అని మీకు అనిపించవచ్చు. సరైన అనుమానం. బెల్టు నుంచి డబ్బాకు సెకనుకు ఒక మైక్రోకూలుంబ్ చేరుతోందనుకుందాం, అంటే ఒక మైక్రోఆంపియర్. మీటర్ లేనప్పుడు ఆ కరెంటు పోవలసిన దారి ఎండిన చెక్క. దాని నిరోధం వెయ్యి కోట్ల ఓములైతే డబ్బా 10,000 వోల్టుల దగ్గర నిలబడుతుంది. కోటి ఓముల మీటర్ పెట్టగానే అదే కరెంటు ఆ సులువైన దారిలో పోతుంది, వోల్టేజి 10కి దిగుతుంది. మీటర్ చూపించే 10 నిజమైన 10. కాకపోతే అది మీటర్ తగిలించిన డబ్బా వోల్టేజి, మీటర్ లేని డబ్బాది వేరు.

నిరోధాన్ని ఎంత పెంచినా రెండో చిక్కు ఒకటి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ముల్లుకూ, దాని వైరుకూ కూడా కెపాసిటెన్స్ ఉంటుంది. కవచమున్న కేబుల్ అయితే ఒక మీటరు పొడవుకే సుమారు 100 పికోఫారడ్లు. ఉగ్గుగిన్నెలోని పాల వేడి చూద్దామని చల్లని పెద్ద గరిటె ముంచితే, గరిటె వేడెక్కడానికే పాల వేడి సగం పోతుంది. అలాగే 100 పికోఫారడ్ల డబ్బాకు 100 పికోఫారడ్ల కేబుల్ తగిలిస్తే ఆవేశం చెరిసగం పంచుకుని, వోల్టేజి క్షణంలో సగమవుతుంది. ఒక్క ఎలక్ట్రాన్ కూడా భూమిలోకి పోకపోయినా సరే.

కాబట్టి తాకి కొలిచే సాధనానికి రెండు గుణాలు కావాలి. నిరోధం అంతులేనంత ఉండాలి, కెపాసిటెన్స్ లేదనిపించేంత తక్కువ ఉండాలి. రెండు వందల ఏళ్లకు పైగా ఈ విద్యలో జరిగిన ప్రయత్నమంతా ఈ రెండింటి కోసమే.

1787లో ఇంగ్లండ్‌లో ఏబ్రహం బెనెట్ అనే చర్చి గురువు గాజు సీసాలో రెండు పలుచని బంగారు రేకులు వేలాడదీసి ఒక సాధనాన్ని వర్ణించాడు. ఆవేశం చేరితే రేకులు ఒకదాన్నొకటి నెట్టుకుని విచ్చుకుంటాయి. మన పదో తరగతి లోపు పిల్లలు చూసే ఎలక్ట్రోస్కోప్ అదే. దాని గొప్పతనం సున్నితత్వంలోనే లేదు, అది కరెంటును అసలు అడగదు. రేకులు విచ్చుకున్నాక అలాగే ఉంటాయి. తర్వాతి శతాబ్దంలో కెల్విన్ నాలుగు ముక్కలుగా కోసిన లోహపు పెట్టెలో తేలికైన అల్యూమినియం రేకును వేలాడదీసి క్వాడ్రంట్ ఎలక్ట్రోమీటర్ తయారుచేశాడు. విద్యుదాకర్షణతోనే సూది కదిలే ఎలక్ట్రోస్టాటిక్ వోల్ట్‌మీటర్లు ఆ వంశం నుంచే వచ్చాయి. వాటిలో చాలా వాటికి ఒక లోపం ఉంది: సూదిని లాగే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక ధనమో రుణమో తెలియదు, తక్కువ వోల్టుల దగ్గర గీతలు కిక్కిరిసిపోతాయి.

పాత పిక్చర్ ట్యూబు టీవీలు బాగుచేసిన మెకానిక్‌లు మీ కోరుట్లలోనూ ఉండే ఉంటారు. ట్యూబు మీది ఇరవై వేల పైచిలుకు వోల్టులు చూడటానికి వాళ్లు పొడవాటి పిడి ఉన్న హై వోల్టేజి ప్రోబ్ వాడేవారు. అందులో వంద కోట్ల ఓముల నిరోధం ఉంటుంది. దాన్ని మీ డబ్బాకు పెడితే? కాలం సెకనులో పదో వంతుకు పెరుగుతుంది. తెర మీద ఏదో అంకె మెరిసి మాయమవుతుంది. టీవీలో అది పనిచేయడానికి కారణం టీవీ సర్క్యూట్ పోయిన ఆవేశాన్ని వెంటవెంటనే నింపుతూ ఉండటం.

తాకి కొలిచే ఇప్పటి సాధనంలో, అంటే కాంటాక్ట్ ప్రోబ్‌లో, వాడే ఉపాయం నన్ను ఎప్పుడూ ముగ్ధుణ్ణి చేస్తుంది. ఆవేశం ఒక చోటి నుంచి మరో చోటికి పారాలంటే రెంటి మధ్య వోల్టేజిలో తేడా ఉండాలి. అందుకని ప్రోబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ చేసే పని ఇది: ముల్లు తాకిన వస్తువు 1500 వోల్టుల మీద ఉంటే, ముల్లు చుట్టూ ఉన్న తన కవచాన్నీ, లోపలి సర్క్యూట్‌నూ కూడా సొంత విద్యుత్ సరఫరాతో 1500 వోల్టులకు లేపుతుంది. వస్తువు 1400కు దిగితే తానూ 1400కు దిగుతుంది. ముల్లుకూ కవచానికీ మధ్య తేడా దాదాపు సున్నా. తేడా లేనప్పుడు ఇన్సులేషన్ గుండా కారేది లేదు, కేబుల్ కెపాసిటెన్స్ నింపుకోవడానికి తీసుకునేదీ లేదు. తనను తాను ఎంత ఎత్తుకు లేపుకుందో చూసి అదే అంకెగా చెబుతుంది. ఇలాంటి సాధనాల్లో మేలైనవి కోటి కోట్ల ఓముల నిరోధాన్ని, అంటే ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు, సాధిస్తాయి. అంత నిరోధం మీద 10 పికోఫారడ్ల చిన్న లోహపు ముక్క కూడా తన ఆవేశాన్ని వెయ్యి సెకన్ల స్థాయిలో నిలబెట్టుకుంటుంది. తీరికగా చదువుకోవచ్చు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు విద్య అనుకోకండి. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అటువంటి చోట మట్టి పరీక్షకు వాడే పీహెచ్ మీటర్‌ది ఇదే కష్టం. దాని గాజు ఎలక్ట్రోడ్ ఒక పీహెచ్ అంకెకు ఇచ్చేది సుమారు 59 మిల్లీవోల్టులు, అదీ పది కోట్ల ఓముల వరుసలో ఉండే గాజు పొర గుండా. దానికి మామూలు మల్టీమీటర్ తగిలిస్తే పదకొండో వంతే చూపిస్తుంది. అందుకే పీహెచ్ మీటర్ లోపల ఎలక్ట్రోమీటర్ జాతి సర్క్యూట్ ఉంటుంది. మన దగ్గర ఈ సాధనాల చరిత్రకు మరో మల్లాపూర్ చేరువలో ఉంది, మీది కాదు, హైదరాబాద్‌లో నాచారం పక్కది. అక్కడికి దగ్గర్లోనే 1967లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. అణుశక్తి విభాగంలో సాధనాలు ఇక్కడే తయారుకావాలని పట్టుబట్టిన మనిషి. రేడియేషన్ కొలిచే అయొనైజేషన్ ఛాంబర్ల నుంచి వచ్చే కరెంటు ఆంపియర్‌లో లక్ష కోట్ల వంతు దాకా ఉంటుంది. దాన్ని పట్టడానికి ఎలక్ట్రోమీటర్ ఆంప్లిఫయర్లు కావాలి. ఈసీఐఎల్ వాటిని తయారుచేసింది, దేశంలోని ఎన్నో భౌతికశాస్త్ర ప్రయోగశాలలు వాడాయి. తెలుగు నేల మీద ఈ నైపుణ్యం పెరిగిందని పిల్లలకు చెప్పాల్సినంతగా మనం చెప్పలేదు.

సరే, సాధనం చేతికి వచ్చిందనుకుందాం. ఎలా కొలవాలి? ముందు ముల్లును ఎర్త్‌కు తాకించి సున్నా చేయాలి. దాని మీద ముందే ఉన్న ఆవేశం లెక్కలో కలవకూడదు. తర్వాత వస్తువును ఉన్నచోటే ఉంచి, చేయి దూరంగా పెట్టి, ముల్లు మాత్రమే తగిలేలా కొలవాలి. చేయి దూరంగా ఎందుకంటే, ఒంటరి లోహం మీద ఆవేశం స్థిరంగా ఉన్నా వోల్టేజి స్థిరంగా ఉండదు. చుట్టూ ఉన్న వాటిని బట్టి మారుతుంది. చేయి దగ్గరికి వస్తే కెపాసిటెన్స్ పెరిగి వోల్టేజి తగ్గుతుంది. అదే డబ్బాను నేల మీది నుంచి పైకెత్తితే కెపాసిటెన్స్ తగ్గి వోల్టేజి పెరుగుతుంది, ఆవేశం రవ్వంత కూడా పెరగకుండానే. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గడియ ముట్టుకున్నప్పుడు చురుక్కుమనడంలో ఈ పైకి లేవడం వాటా కూడా ఉంది.

ప్రోబ్ అంత గొప్పది కాకపోతే, అంటే దాని కెపాసిటెన్స్ లెక్కలోకి వచ్చేంత ఉంటే, ఒక చిన్న ఉపాయంతో అసలు అంకె రాబట్టవచ్చు. ఇది పని చేయాలంటే ఆ సమయంలో కొత్త ఆవేశం చేరకూడదు కనుక బెల్టు ఆపాలి. ఒకసారి తాకి చదవండి, 800 వోల్టులు వచ్చాయనుకోండి. ముల్లును ఎర్త్ చేసి ఖాళీ చేసి మళ్లీ తాకండి, ఈసారి 640. తాకిన ప్రతిసారీ వోల్టేజి ఒకే నిష్పత్తిలో, ఇక్కడ ఐదింట నాలుగు వంతులకు, పడుతోంది. కాబట్టి మొదటిసారి తాకకముందు ఉన్నది 800ని 800తో గుణించి 640తో భాగిస్తే వచ్చేది: 1000 వోల్టులు. ఇంకో లాభం కూడా ఉంది. ప్రోబ్‌ది 25 పికోఫారడ్లని తెలిసి ఉంటే, ఈ నిష్పత్తి నుంచే డబ్బాది 100 పికోఫారడ్లని తేలుతుంది. కెపాసిటెన్స్, వోల్టేజి రెండూ తెలిస్తే చిటపటలో ఎంత శక్తి ఉందో లెక్కకట్టవచ్చు.

ఆ శక్తి లెక్క ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. 100 పికోఫారడ్లు, 3000 వోల్టులు అయితే 0.45 మిల్లీజౌల్. మనిషి వేలికి చురుకు తెలిసీ తెలియనట్టుండే హద్దు దాదాపు అక్కడే. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి అందులో ఇంచుమించు సగం చాలు. పొడుల విషయం వేరు, చాలా పొడులకు ఇంతకంటే ఎక్కువ శక్తి కావాలి. కానీ పిండి, చక్కెర, పసుపు వంటి సన్నని పొడులు మూసిన గదిలో గాలిలో దట్టంగా లేచినప్పుడు అంటుకోగలవన్నది మరవకూడదు. మీ మండలంలోనే, ముత్యంపేటలో, 2015 డిసెంబరులో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ ఉంది కదా. అలాంటి ఫ్యాక్టరీల్లో పొడి నడిచే ప్రతి లోహపు గొట్టాన్నీ ఎర్త్‌కు కలపాలనడానికి ఇదొక కారణం.

తాకి కొలిచే పద్ధతికి ఒక గట్టి హద్దు ఉంది: అది లోహాలకే. లోహం మీద ఆవేశం స్వేచ్ఛగా కదులుతుంది కనుక డబ్బా అంచున తాకినా అడుగున తాకినా వోల్టేజి ఒక్కటే. బెల్టుకో, పాలిస్టర్ బట్టకో, ప్లాస్టిక్ సంచికో ఇది నప్పదు. వాటి మీద ఒక చోట మూడు వేలుంటే జానెడు దూరంలో రుణం రెండు వేలు ఉండవచ్చు. ముల్లు పెడితే ఆ చుక్క గురించి కూడా సరిగ్గా చెప్పదు, పైగా రాపిడితో కొత్త ఆవేశం పుట్టిస్తుంది. మీ అన్న పనిచేసే చోట బీము మీది పోగులను కొలవాలంటే దూరం నుంచి విద్యుత్ క్షేత్రాన్ని చూసే ఫీల్డ్ మీటర్ కావాలి. దాన్ని చెప్పిన దూరంలోనే, సాధారణంగా ఒక అంగుళం ఎడంలో, పట్టుకోవాలి. అదే ఫీల్డ్ మీటర్ ఒక చిన్న బోల్టు మీదో, ఐసీ కాలు మీదో పెడితే తప్పు అంకె చెబుతుంది, ఎందుకంటే అది ఎదురుగా వెడల్పాటి తలం ఉందన్న లెక్కతో తయారైంది. చిన్న ఒంటరి లోహాలకు కాంటాక్ట్ ప్రోబ్ తప్ప దారి లేదు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో దాని కోసం అంత ఖర్చు పెట్టేది అందుకే.

మరి మీరు కొనాలా? గిర్నీకి అక్కర్లేదు. ఆవేశం ఉందా, ధనమా రుణమా అన్నది మామూలు నియాన్ టెస్టర్‌తోనే తెలుస్తుంది. చీకట్లో దాని మొనను డబ్బాకు తాకిస్తే ఒక్కసారి మెరుస్తుంది. బుడ్డీ లోపల రెండు చిన్న తీగలుంటాయి. మొన వైపు తీగ మెరిస్తే డబ్బా మీద రుణావేశం, మీ వేలి వైపుది మెరిస్తే ధనావేశం. ఎన్ని వోల్టులో అది చెప్పదు. చెప్పకపోయినా చేయవలసిన పని మారదు.

ఆ పని డబ్బాను ఎర్త్‌కు కలపడం. న్యూట్రల్‌కు కలపకూడదు, ఎర్త్‌కే. బెల్టు మీది ఆవేశాన్ని తగ్గించడానికి బెల్టు పుల్లీని వదిలే చోట, తగలకుండా కొద్ది ఎడంలో, ఎర్త్ చేసిన సన్నని లోహపు పళ్ల దువ్వెన బిగిస్తారు. మొనల దగ్గర గాలి అయాన్లుగా మారి ఆవేశాన్ని మోసుకుపోతుంది. వార్పిన్ మిషన్ దగ్గర ఇదే పనికి హై వోల్టేజి అయానైజర్ కడ్డీలు పెడతారు. షెడ్డులో తేమ 65 శాతం ప్రాంతంలో నిలబెట్టగలిగితే పోగులకు అది మరీ మంచిది.

ఎర్త్ సరిగ్గా కలిసిందో లేదో చూడటానికి, ఇప్పటిదాకా సున్నా చూపిస్తూ వచ్చిన మీ మల్టీమీటరే చాలు. మోటారు ఆపి, మెయిన్ తీసేసి, బెల్టు నిలిచాక డబ్బాను ఒకసారి ఎర్త్ వైరుతో తాకించి ఖాళీ చేయండి. మీటర్‌ను ఓముల మీదికి తిప్పి ఒక ముల్లు డబ్బాకు, ఇంకోటి ఎర్త్ పిట్ నుంచి వచ్చే పట్టీకి పెట్టండి. ఒక మైక్రోఆంపియర్ ఆవేశం వస్తున్నా, దారి నిరోధం పది లక్షల ఓములకు లోపు ఉంటే డబ్బా ఒక్క వోల్టు కంటే పైకి లేవలేదు. మంచి రాగి తీగ బిగించి ఉంటే మీటర్ పది ఓముల లోపే చూపిస్తుంది. లక్షల్లో చూపిస్తే స్థిర విద్యుత్తు వరకు ఫరవాలేదు గానీ ఎక్కడో తుప్పో, రంగు పొరో అడ్డముందని అర్థం, గీకి బిగించండి. ఓఎల్ అని, అంటే మీటర్ హద్దు దాటిందని, చూపిస్తే మాత్రం డబ్బా ఇంకా ఒంటరిగానే ఉంది.